తాళం పడ్డ ముప్పై ఏడు దవడలు

సైబర్ బీమా క్లెయిముల అధికారి గారికి,

నమస్కారం. నేను పళ్ళు కట్టే ల్యాబు నడుపుతున్నాను. పళ్ళ డాక్టర్లు రోగుల నోళ్ళు స్కాన్ చేసి పంపుతారు, ఆ కొలతలకి మేం సెట్లు తయారుచేసి ఇస్తాం. మొన్న సోమవారం పొద్దున పది గంటలకి మా కంప్యూటర్ తెర ఎర్రబడి, లోపలున్నవన్నీ తాళం పడిపోయాయి. తాళం వేసినవాడు డబ్బు పంపితేనే తీస్తానని తెరమీదే రాశాడు. ఎక్కడికి జవాబు రాయాలో కూడా మర్యాదగా ఇచ్చాడు.

ముప్పై ఏడు మంది దవడలు అందులో చిక్కుకున్నాయి. కొత్త సెట్టు వస్తుందన్న ధైర్యంతో వాళ్ళలో చాలామంది ఉన్న నాలుగు పళ్ళూ పీకించేసుకున్నారు. ఇప్పుడు రోజూ ఫోన్ చేసి తిడుతున్నారు. పళ్ళు లేవు కాబట్టి ఏం తిడుతున్నారో సరిగ్గా అర్థం కావడం లేదు, అదొక్కటే కాస్త ఊరట.

మాలాంటి చిన్న వ్యాపారాలకే సైబర్ బీమా ముఖ్యమని మీ ఏజెంటు నెత్తీనోరూ కొట్టుకుని మరీ పోయిన ఏడాది పాలసీ కట్టించాడు. దయచేసి మీ నిపుణుల్ని పంపించండి. ఇంకో నెల ఇలాగే గడిస్తే డాక్టర్లు వేరే ల్యాబు చూసుకుంటారు. నేనూ నా నలుగురు పనివాళ్ళూ తలుపులు మూసుకోవలసిందే.

ఇట్లు,
ల్యాబు యజమానురాలు

తా.క.: ఇది అధికారికి రాసిన ఉత్తరం. ఆ కుర్చీలో నా తమ్ముడు కూర్చుని ఉంటే, పక్కవాళ్ళకి అందించమని చెప్పండి. రెండేళ్ళుగా మా మధ్య మాటల్లేవు.

*

పాలసీదారు గారికి,

మీ ఉత్తరం అందింది. జరిగినదానికి చింతిస్తున్నాం. ప్రస్తుతం మా దగ్గరున్న క్లెయిము ఫారం దుకాణాల్లో దొంగతనాల కోసం తయారైనది. అయినా అన్ని గళ్ళూ నింపాలి. దొంగ తలుపు పగలగొట్టాడా, కిటికీయా? పోయిన వస్తువులేమిటి? ఆ సమయంలో కాపలా ఎవరున్నారు? పాస్‌వర్డు ప్రతి నెలా మారుస్తామని పాలసీ తీసుకునేటప్పుడు రాశారు. ఎలా మారుస్తారో వివరించండి.

మా నిపుణులు వచ్చేదాకా దెబ్బతిన్న వస్తువునూ దాని పరిసరాలనూ ఎవరూ ముట్టుకోరాదు.

భవదీయుడు,
క్లెయిముల అధికారి

తా.క.: పక్కవాళ్ళకి అందించే వీలు లేదు. ఈ విభాగంలో ఉన్నది నేనొక్కడినే. పోతే, మా మామగారికి మీరు కట్టిన సెట్టు మాట్లాడినప్పుడల్లా టకటకలాడటం ఆ రోజు భోజనాల దగ్గర అందరూ విన్నారు. నేను పైకి అన్నాను, అంతే.

*

అధికారి గారికి,

నమస్కారం. తలుపూ కిటికీ రెండూ క్షేమం. పోయిన వస్తువులు ఏమీ లేవు. అన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి, మాకు కనపడవు. కాపలా నేనే ఉన్నాను, దొంగకి ఎదురుగానే కూర్చున్నాను.

పాస్‌వర్డు ప్రతి నెలా ఒకటో తారీఖున మారుస్తాం. ఎవరూ మరిచిపోకుండా గుమ్మం పక్కన బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాస్తాం. ఒక్క నెల కూడా తప్పలేదు.

పరిసరాలు ముట్టుకోవద్దన్నారు కాబట్టి కంప్యూటర్ బల్ల చుట్టూ తాడు కట్టాం. సెట్లు నునుపు చేసే మిషనూ అదే బల్ల మీద ఉంది. దాంతో ఆ సోమవారానికి ముందే సిద్ధమైన సెట్లు కూడా ఆగిపోయాయి. పనివాళ్ళు తాడు ఇవతల వరసగా కూర్చుని మీకోసం ఎదురుచూస్తున్నారు.

మీ జవాబు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఈలోగా పనమ్మాయి ఫోన్లోంచి దొంగకే రాశాను. ఒక రిటైర్డు హెడ్‌మాస్టరు గారు గురువారం సభలో మాట్లాడాలి, ఆయన దవడ ఒక్కటి వదిలిపెట్టమని అడిగాను. గంటలో వదిలాడు! మనిషి మరీ అంత చెడ్డవాడనిపించలేదు. వాళ్ళమ్మకి కింది సెట్టు నిలవడం లేదట, ఏం చెయ్యాలని అడిగాడు. సెట్టు నీళ్ళలో పెట్టకుండా ఆరబెడుతోందేమో కనుక్కోమన్నాను.

ఇట్లు,
ల్యాబు యజమానురాలు

తా.క.: మీ మామగారు సెట్టు పెట్టుకుని పరీక్ష చేయించుకోవడానికి మూడుసార్లు రమ్మంటే ఒక్కసారీ రాలేదు. ఆ మాట కూడా భోజనాల దగ్గర అని ఉంటే బాగుండేది.

*

పాలసీదారు గారికి,

మీ ఉత్తరం చదివి మా మేనేజరు గారు గుడ్లు తేలేశారు. తాళం తీయగలనని నిరూపించుకోవడానికి ఇలాంటి దొంగలు ఒకటి ఊరికే వదలడం మామూలే. దాన్ని మంచితనం అనుకోకండి. నిందితుడితో పాలసీదారుకి కుటుంబ స్నేహం ఉన్నట్టుందని ఆయన ఫైలు మీద ఎర్ర సిరాతో రాశారు. వెంటనే ఉత్తరప్రత్యుత్తరాలు ఆపండి. మిషను వాడుకోండి, తాడు విప్పండి.

ఇక అసలు విషయం. దొంగ ఏదో ఒక మెయిలు ద్వారానే లోపలికి వచ్చి ఉంటాడు. అది ఎవరి పేరుతో వచ్చింది, మీరు ఎందుకు తెరిచారు అన్నది ఇంతవరకూ రాయలేదు. మా నిబంధన ఇది: జాగ్రత్త తెలిసిన మనిషి కూడా మోసపోయే మెయిలైతే క్లెయిము చెల్లుతుంది. మామూలు అజాగ్రత్తయితే చెల్లదు. ఏడు రోజుల్లో మీ చేతిరాతతో కారణం రాసి పంపాలి. లేకపోతే ఫైలు మూసేస్తారు.

భవదీయుడు,
క్లెయిముల అధికారి

తా.క.: అక్కా, దొంగకి వైద్యం చేశావా? ఈ ఉద్యోగంలో చాలా చూశాను గానీ ఇది చూడలేదు. నా అక్క క్లెయిము నేనే చూడకూడదని మేనేజరు గారికి చెప్పాను. మనిద్దరి ఉత్తరాలూ చదివి, మీ మధ్య పక్షపాతం వచ్చే ప్రమాదమేమీ కనపడలేదన్నారు. ఆ కారణం ఒక్కటి రాసెయ్యి. నీ ల్యాబు మూతపడటం నాకిష్టం లేదు.

*

ఒరే తమ్ముడూ,

ఈసారి అధికారికి రాయడం లేదు. నీకు రాస్తున్నాను, కావాలంటే నువ్వే ఆయనకి చూపించుకో.

ఆ మెయిలు నీ పేరుతో వచ్చింది. అందులో రెండే ముక్కలున్నాయి. "అక్కా, తప్పు నాదే. ఇది చూడు." కింద ఏదో ఫైలు.

నువ్వు కాదని మొదటి ముక్కకే తెలిసిపోయింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను, తప్పు నాదేనని నువ్వు ఎవరితోనైనా అన్నావా? చిన్నప్పుడు చేతిలో గాజు గ్లాసు ముక్కలతో నిలబడి కూడా గ్లాసుదే తప్పన్నావు. కాబట్టి నమ్మి తెరిచానని రాస్తే అబద్ధం అవుతుంది. నమ్మకుండానే తెరిచాను. ఒకవేళ నువ్వేనేమో, ఈ రెండేళ్ళలో ఎప్పుడైనా ఒక్కసారి అనుకుని ఉంటావేమోనని తెరిచాను.

ఇది మీ నిబంధనలో ఏ గడిలోకి వస్తుందో నాకు తెలియదు. అజాగ్రత్త కింద రాసుకుంటానంటే రాసుకో. నాకు ఏడుపొస్తోంది, ఇంక రాయలేను.

మీ అక్క

తా.క.: డాక్టర్లకి చెప్పేశాను, ఈ నెలాఖరుకి ల్యాబు మూసేస్తానని. పనివాళ్ళకి ఇంకా చెప్పలేదు.

*

పాలసీదారు గారికి,

మీ క్లెయిము మంజూరైంది. నిపుణులు రేపు పొద్దున తొమ్మిదికి వస్తారు. డాక్టర్లకి వెంటనే ఫోన్ చేసి ల్యాబు మూయడం లేదని చెప్పగలరు.

మంజూరుకి కారణం ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. అదే సోమవారం పదికి అయిదు నిమిషాల ముందు మీ కంప్యూటర్ నుంచి, మీ పేరుతో మా ఆఫీసుకి ఒక మెయిలు వచ్చింది. "తమ్ముడూ, తప్పు నాదే. ఇది చూడు." దాన్ని ఒక అధికారి తెరిచాడు. ఇలాంటి మెయిళ్ళు తెరవకూడదని ఆరేళ్ళుగా మా శాఖల వాళ్ళందరికీ పాఠాలు చెప్తున్నది ఆ అధికారే. ఆ రోజు నుంచీ మా ఆఫీసులో పన్నెండు కంప్యూటర్లకీ తాళం పడి ఉంది. బీరువాలో దొరికిన పాత ఫారాలతో, చేతిరాతతో నెట్టుకొస్తున్నాం. తెరిచిందెవరో తెలియక మేనేజరు గారు అందరినీ వరసగా నిలబెట్టి అడుగుతున్నారు. ఆ అధికారి కిక్కురుమనలేదు.

మీ ఉత్తరం చదివాక నిన్న వెళ్ళి ఒప్పుకున్నాడు. మేనేజరు గారు తల పట్టుకుని, జాగ్రత్త తెలిసిన మనిషి కూడా మోసపోయే మెయిలే అనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏముంటుందని సంతకం పెట్టారు. అధికారికి విడిగా మెమో ఇచ్చారు.

భవదీయుడు,
క్లెయిముల అధికారి

తా.క.: అది నువ్వు కాదని ఆ అధికారికి కూడా మొదటి ముక్కకే తెలుసు.

మళ్ళీ తా.క.: అక్కా, తప్పు నాదే. ఇది నేనే రాస్తున్నాను. అనుమానంగా ఉంటే నిబంధన ప్రకారం పంపినవాళ్ళకి ఫోన్ చేసి సరిచూసుకోవాలి. నా నంబరు మారలేదు.