ఆడవాళ్ళ గది తాళం

అమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన స్టేషన్ పాత పెంకుల భవనం పడగొట్టి కొత్తది కట్టారు. లిఫ్టు, ఫ్యాన్లు, చల్లటి నీళ్ళు, అన్నీ పెట్టారు. ఆడవాళ్ళ మరుగుదొడ్డికి మాత్రం మళ్ళీ తాళమే.

నా ఇంటర్ పరీక్ష రోజు నువ్వు స్టేషన్ మాస్టరు గదిలోకి వెళ్ళి అడిగావు: "తలుపు మీద ఆడవాళ్ళకని రాసుందంట, మా పిల్ల చదివింది. మరి తాళం ఎవరికని రాశారయ్యా?" నేను సిగ్గుతో తల దించుకున్నాను.

ఈ పొద్దున మిరపకాయల కోతకెళ్ళే ఒకామె, ఏడో నెల కడుపుతో, ఆ తలుపు ముందు అటూ ఇటూ తిరుగుతోంది. రైలు వచ్చే వేళయింది. నేనే స్టేషన్ మాస్టరు గదిలోకి వెళ్ళి అడిగాను.

"కొత్తది కదమ్మా, పాడవుద్దని వేశాం," అన్నాడు అక్కడి ఉద్యోగి.

నీ మాటే అన్నాను. ఆయన నవ్వేసి తాళంచెవి ఇచ్చాడు.

ఆమె బయటికొచ్చి, "ఎవరమ్మాయివి తల్లీ?" అంది. నీ పేరు చెప్పాను.

తాళంచెవి తిరిగిచ్చేశాను. తాళంకప్ప మాత్రం నా బ్యాగులో ఉంది. రైల్లో ఒంగోలు దగ్గరపడుతున్నా కుదురుగా కూర్చోలేకపోతున్నాను. రేపు మళ్ళీ అదే స్టేషన్‌లో రైలెక్కాలి.

అడిగినా ఇవ్వను.