పగటి బువ్వ

కొంటా దగ్గర కూపు, బస్తరు సంస్థానం
మార్గశిర బహుళ పంచమి

మా భద్రమ్మక్కకు,

నీ దుర్గ శబరి ఒడ్డు నుంచి రాస్తోంది. టేకు దుంగల తెప్పలవాళ్ళు రేపు మీ కూనవరం దిగుతున్నారు, వాళ్ళ చేతికి ఇస్తున్నాను. మీ మరిది ఎలా ఉన్నాడని అడిగావు. ఆయనకేం, బాగానే ఉన్నాడు. కట్టుకున్నదాన్ని, నాకే ఆయన మొహం చూస్తే ముద్ద దిగడం లేదు. ఇది అమ్మకు చదివి వినిపించకు.

ఈ కూపులో, అదే అడవిలో కలప నరికే చోట, టేకు కొట్టేవాళ్ళంతా దోర్లవాళ్ళు, ఇక్కడి అడవి మనుషులు. వాళ్ళ తిండి పద్ధతి వేరు. పొద్దున్నే సొరబుర్రలో జావ పోసుకుని వచ్చి కొమ్మకు తగిలిస్తారు. పగలంతా దాహమైనా ఆకలైనా ఆ జావే. పొద్దు వాలేసరికి ఇల్లు చేరి, పొయ్యి వెలిగించి, ముసలీ ముతకా పిల్లా జెల్లా అందరూ చుట్టూ కూర్చుని బువ్వ తింటారు. రోజుకు అదొక్కటే అసలైన తిండి. వచ్చిన కొత్తలో ఆ పులిసిన జావ వాసన నాకు పడేది కాదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తిరిగేదాన్ని. ఆ సంగతీ దాచను.

మీ మరిది కలప గుమాస్తా కదా, ఆయనకొక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. మధ్యాహ్నం ఇక్కడే అన్నం పెడితే వాళ్ళకు ఇళ్ళకు పరిగెత్తే పనుండదు, చీకటి పడేదాకా గొడ్డళ్ళు ఆడతాయి అని. దానికి అన్నదానమని పేరు కూడా పెట్టుకున్నాడు. వండేది మాత్రం నేను. నలభై మందికి గుండిగెడు అన్నం, పప్పు. అక్కా, ఒక్కరూ తినలేదు. అడ్డాకుల్లో పెట్టించుకుని, మూట కట్టి, జావబుర్ర పక్కనే తగిలించి మళ్ళీ పనికి పోయారు. దేవే అని ఒక పిల్లతల్లి నాతో కాస్త మాట్లాడుతుంది. ఎందుకు తినవే అని అడిగాను.

"పొద్దుండంగ నేనొక్కదాన్నే బువ్వెట్ల తింటనమ్మా? ఇంటికాడ పిల్లలు జావ మీదున్నరు" అంది.

అది నా తలకెక్కలేదు. నా వంటకు వంక పెట్టారన్న రోషమే ఎక్కింది. ఆ సాయంత్రమే మీ మరిదితో అన్నాను, మీ అన్నదానమంతా మూటల్లో పోతోందని. అవునక్కా, చెప్పింది నేనే.

మర్నాటి నుంచి ఆయన బెత్తం ఒళ్ళో పెట్టుకుని వాళ్ళకెదురుగా కూర్చోవడం మొదలుపెట్టాడు. అందరూ ఆయన చూస్తుండగా తినాలి, మింగాలి. నిన్న దేవే బుగ్గ ఉబ్బెత్తుగా కనిపించిందట. నోరు తెరవమన్నాడు. తెరవకపోతే తనే రెండు వేళ్ళు పెట్టి, సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు చూశాడు. బిడ్డకోసం బుగ్గన దాచుకున్న ముద్ద గడ్డం మీద కారింది. దాన్ని మళ్ళీ నోట్లోకి తోసి మింగించాడు. తర్వాత ఆ వేళ్ళు నా కొంగుకు తుడుచుకుని, వడ్డించు అన్నాడు. ఆ చేత్తోనే పప్పన్నం కలుపుకున్నాడు. నేను గరిటె పట్టుకుని నిలబడే ఉన్నాను.

వచ్చే తెప్ప మీద వచ్చేస్తాను. నీ ఇంట్లో నాకో మూల చూపించు.

నీ చెల్లెలు
దుర్గ

*

మార్గశిర బహుళ ద్వాదశి

అక్కా,

తెప్ప వెళ్ళిపోయింది, నేను ఎక్కలేదు. రేవులో ఎదురు చూసి ఉంటావు, తిట్టుకో.

బయల్దేరే ముందు దేవేకు నిజం చెప్పాలనిపించింది. సంత రోజు, కూపులో పని లేదు. వాళ్ళ గుడిసెకు వెళ్ళేసరికి అందరూ ఇంటిపట్టునే ఉన్నారు, పొద్దుండగానే పొయ్యి వెలిగి ఉంది. ఆ మూటల సంగతి చెప్పింది నేనేనని చెప్పేశాను. దేవే పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది. వాళ్ళత్త జోగే మాత్రం నా ముందు ఆకు వేసి బువ్వ, ఎండుచేపల పులుసు పెట్టింది. మన కులంలో పుట్టి వాళ్ళింట్లో నేనెలా తినను? ఇంటికి పట్టుకెళ్ళి తింటానని ఆకు మడవబోయాను.

"మూటెందుకు? ఈడనే తిను. నీ నోట్ల మేమెవరం చూడం" అంది జోగే.

అయినా మడిచాను. ఏటి గట్టున ఎవరూ లేకుండా చూసి పారబోశాను. కుక్క వచ్చి తింది. ఇసుకతో చేతులు మూడుసార్లు తోముకున్నాను. తోముకుంటూ ఉంటే నా మీద నాకే రోత పుట్టింది. మీ మరిదిది వేళ్ళతో చేసిన పని, నాది ఇది. ఈ చేతులతో నీ అరుగు మీద కూర్చుని ఆయన్ని తిట్టుకుంటూ బతకలేననిపించింది.

దుర్గ

*

పుష్య శుద్ధ షష్ఠి

అక్కా,

మళ్ళీ సంత రోజున వెళ్ళాను. తిన్నాను.

రుచిగా ఉందని అబద్ధం చెప్పను. ఎండుచేప వాసనకు మొదటి ముద్ద గొంతులోనే ఆగింది. దేవే నీళ్ళముంత నా వైపు జరిపింది. దాని కూతురు నా ఆకులోంచే ఒక చేప తీసుకుంది. ఆకు ఖాళీ అయ్యేదాకా కూర్చున్నాను.

మర్నాడు మధ్యాహ్నం, అందరి ముందూ, దేవే ఇంట్లో తిన్నానన్న మాట మీ మరిదితో చెప్పాను. ఆయనా, మేస్త్రీలూ తినేది కూడా నా వంటే కదా. ఆయన మొహం ఎలా అయిందో నువ్వు చూడాల్సింది. నా చేతి మెతుకు ఇక ఎవరూ ముట్టకూడదని గుండిగ బోర్లింపజేశాడు. వండేవాళ్ళు లేక బువ్వ ఆగింది. బువ్వ ఆగాక కూలీలు పొద్దుండగానే గొడ్డళ్ళు భుజాన వేసుకుని ఇళ్ళకు లేచారు. బెత్తం చూసి ఒక్కరూ కూర్చోలేదు. ఇప్పుడు రోజూ అదే వేళకు పోతున్నారు. మీ మరిది తన గంజి తనే కాచుకుంటున్నాడు. నన్ను చూస్తే వాంతి వస్తోందట. రానీ.

ఈ ఉత్తరం పడవవాళ్ళ చేత ముందు పంపుతున్నాను. నా తెప్ప ఎల్లుండి. ఈసారి ఎక్కుతాను. ఒక్కటి అడుగుతాను అక్కా. నేను ఆ ఇంట్లో తిన్నాను. నన్ను నీ వంటింట్లోకి రానిస్తావా? బావగారిని అడిగి చెప్పకు, అమ్మను అడిగి చెప్పకు. రానిచ్చేట్టయితే రేవుకు నువ్వే రా. నువ్వు కనిపించకపోతే నేను కూనవరంలో దిగను, ఆ దుంగలతోపాటు రాజమండ్రి దాకా పోతాను.

దుర్గ