రెండు వైపులా స్క్రూలు

నా పిచ్చుకా,

కూర్చుని చదువు, నిలబడితే పడిపోతావు. మీ తాతయ్య బాప్తిస్మం తీసుకుంటానన్నారు! ఇన్నేళ్లూ నన్ను చర్చి గేటు దగ్గర దింపి, గోడ మీద కూర్చుని పేపరు చదువుకున్న మనిషి, ఇవాళ కాఫీ తాగుతూ, "నమ్ముతున్నానోయ్ టీచరమ్మా. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు" అన్నారు. నా చేతిలో గిన్నె జారిపోయింది. పోతే పోయింది. ఆదివారమే అన్నాను. ఆలస్యమైతే మాట మారుస్తారని నా భయం.

పాస్టరు నీకు తెలుసుగా, ఒకప్పుడు నా క్లాసులో వెనక బెంచీ. కబురు విని ఇంటికొచ్చాడు.

"మారుమనస్సు పొందారా తాతగారూ? అంటే, చేసిన తప్పులు ఒప్పుకుని మారారా?"

"నమ్మానని చెప్పాగా. మళ్లీ అదెందుకు?"

"మరి మీ తమ్ముడుగారి సంగతి?"

"అది వేరే సంగతి."

వేరే సంగతట! కొట్టు గుర్తుందిగా నీకు. తాళాలు బాగుచేసే ఆ ఒక్క కొట్టునీ అన్నదమ్ములు మధ్యలో చెక్క అడ్డం పెట్టి పంచుకున్నారు. తాళంచెవులు కోసే మిషను చిన్నతాత వైపు పడింది, కోయడానికి కావలసిన పళ్లు లేని కొత్త తాళంచెవులు మీ తాతయ్య వైపు. కోపంలో ఇద్దరికీ అది తట్టలేదు. అప్పట్నుంచీ జనం ఇక్కడ తాళంచెవి కొని, వీధిలోకి దిగి, పక్కకెళ్లి కోయించుకుంటున్నారు.

ఎందుకు విడిపోయారో మీ అమ్మ చెప్పి ఉండదు. పక్కవీధిలో దొంగతనం జరిగితే, "మా తమ్ముడే దొంగ తాళంచెవి కోసిచ్చుంటాడు" అని మీ తాతయ్య నడివీధిలో అనేశారు. తర్వాత దొంగ దొరికాడు. వంటింటి కిటికీ ఊడదీసి దూరాడట. కానీ అన్న మాటను మీ తాతయ్య వెనక్కి తీసుకోలేదు.

పాస్టర్ని గేటు దగ్గర పట్టుకుని, "ముందు నీళ్లలో ముంచెయ్యి నాయనా, మిగతావి తర్వాత చూద్దాం" అని బతిమాలాను. "సగం జవాబుకి మీరెప్పుడైనా మార్కులేశారా టీచర్?" అన్నాడు. నేను చెప్పిన చదువు నాకే తగిలింది. లోపల్నుంచి అంతా విన్న మీ తాతయ్య, "అయితే ఆదివారమూ లేదు, ఏమీ లేదు" అని చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

ఇది తప్పిపోతే మళ్లీ అడిగే మనిషి కాదే ఆయన. ప్రార్థన చెయ్యి. కళ్లు మూసుకుని, ఫోను చూస్తూ కాదు.

నీ అమ్మమ్మ


పిచ్చుకా, నా బంగారు పిచ్చుకా,

మొన్నటి ఉత్తరం చించెయ్యి! నిన్న క్యారేజీ పట్టుకుని కొట్టుకి వెళ్తే, మీ తాతయ్య అడ్డుచెక్క స్క్రూలు విప్పుతున్నారు.

"ఎవడ్రా అది చెక్క కదిలిస్తోంది?" అవతల్నుంచి చిన్నతాత.

"నేనేరా."

"బుద్ధుందా? మిషను మీద పడుతుంది!"

"అందుకే చెప్తున్నా. నా వైపు స్క్రూలు అయిపోయాయి. నీ వైపువి మిగిలాయి."

మీ తాతయ్య స్క్రూడ్రైవరుతోనే వీధిలోకి దిగారు. బేకరీ ఆయన, టైలరు, దారినపోయేవాళ్లు అందరూ వింటుండగా, "మా తమ్ముడి మీద ఆ రోజు నేనన్నది అబద్ధం. నోరు నాది, తప్పు నాది" అన్నారు. నేను వీధిలో ఏడ్చే రకం కాదు. కంట్లో దుమ్ము పడింది, అంతే.

అప్పుడు లోపల్నుంచి కిర్రు కిర్రుమని స్క్రూ తిరిగిన చప్పుడు! ఒకటి తుప్పుపట్టి రాకపోతే చిన్నతాత తిట్టిన తిట్లు నీకు రాయను. చెక్క దిగగానే ఇటు తొంగిచూసి, "ఇన్నాళ్లూ ఈ దుమ్ములోనా అన్నయ్యా కూర్చున్నావు?" అన్నాడు.

ఇంటికొచ్చాక అడిగాను, "పాస్టరు అన్నాడనేనా ఇదంతా?"

"ఆయన కోసమూ కాదు, నీ కోసమూ కాదు. తప్పు ఒప్పుకుంటే ఇంక నాకంటూ ఏం మిగలదని ఇన్నాళ్లూ భయం. దేవుడు నన్ను వదిలెయ్యడని నమ్మాక ఆ భయం పోయింది. అది పోయాక ఇంట్లో కూర్చోలేకపోయాను."

విశ్వాసం ముందా, మారుమనస్సు ముందా అని బైబిలు క్లాసులో గంటలకొద్దీ వాదించినదాన్ని. నోరు మూసుకుని కూర వడ్డించాను.

ఇవాళ చర్చిలో, నడుంలోతు నీళ్లలో నిలబెట్టి పాస్టరు మళ్లీ అదే అడిగాడు. "మారుమనస్సు పొందారా?"

మీ తాతయ్య, మెట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడ్డ చిన్నతాత వైపు చెయ్యి చూపించారు. "వాణ్ణడగండి."

చర్చంతా అటు తిరిగింది. చిన్నతాత తువ్వాలుతో తన మొహమే తుడుచుకున్నాడు.

"పొందాడండీ. నేను చూశాను. త్వరగా ముంచండి, మళ్లీ మాట మారుస్తాడు!"

ముంచారే పిచ్చుకా, ముంచారు!

కంట్లో ఇంకా దుమ్ముతో,
నీ అమ్మమ్మ