యాదయ్య గొంతు

గురువారం, తాండూరు.

మా బడి వ్యాను నడిపే యాదయ్య చనిపోయి ఏడాదైంది. బడిలో బెల్లు కొట్టే నేను మాత్రం ఆయన గొంతును అనుకరించి పిల్లలను నవ్విస్తూనే ఉన్నాను. ఈ రోజు అదే గొంతు హెడ్మాస్టర్ గదిలో, యాదయ్య భార్య తెచ్చిన ఫోనులోంచి పలికింది.

"బిడ్డా, జల్ది రా. నీకోసం ముందు సీటు ఉంచిన."

పెద్ద క్లాసు పిల్లలెవరో నా అనుకరణను దొంగచాటుగా రికార్డు చేసినట్టున్నారు; దాన్ని రోజూ రాత్రి యాదయ్య బిడ్డ మౌనికకు పంపుతున్నారట. ఆరో తరగతి పిల్ల. వారం నుంచి బడికి రావడం లేదు.

హెడ్మాస్టర్ సారు సలహా అడిగితే వికారాబాద్ వకీలు ఫోనులో అన్నాడు: "తల్లిదండ్రులను అడగకుంట పిల్లల ఫోన్లు గుంజుకుంటే మీ మీదనే కేసు పెడ్తరు సార్. ఊకున్నా పెడ్తరు."

మైకు దొరికితే వదలని హెడ్మాస్టర్ సారు గొంతు తగ్గించి అన్నాడు: "ఇంట్ల పంపుకున్నదానికి బడి ఏం జేస్తది? ముందుగాల గీ గొంతు ఎవనిదో తేలాలె."

నేను మౌనిక తల్లికి కుర్చీ జరిపాను.

మౌనిక తల్లి మెల్లగా చెప్పింది: "పిల్ల భయపడ్తలేదు సార్. పొద్దుగాల్నే సంచి సర్దుకొని గడప మీద కూసుంటది. కొత్త డ్రైవర్ బడి వ్యాను తెస్తే ఎక్కదు. నాయిన వ్యాను వస్తదంటది."

రేపు పొద్దున్నే పోయి ఆ గొంతు నాదేనని ఆ పిల్లకు చెప్పాలి. నౌకరీ పోతే పోనీ. చెప్పడం అలవాటు కావాలని ఇందాక నా సొంత గొంతుతో "బిడ్డా" అని పిలిచి చూసుకున్నాను.

నా నోట యాదయ్యే పలికాడు.