రోసమ్మ చనిపోయిన తేదీ

మెట్టుగూడ, సికింద్రాబాద్
12 ఆగస్టు 1983

ప్రియమైన అమ్మకు,

శేఖర్ వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నీ మనవరాలు దేవకృపకు దగ్గు తగ్గింది. నువ్వు పంపిన ఉసిరి పచ్చడి సగానికి వచ్చింది.

ఇక నువ్వడిగిన సంగతి. చర్చి శతాబ్ది సంచికలో అమ్మమ్మ పేరు తాతయ్య భార్యగానే పడుతుంది. ఈ ఉదయమే ఖాయమైంది. ఇరవై ఏళ్ల నౌకరీలో మొదటిసారి ఆఫీసు ఎగ్గొట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

సంచిక చూస్తున్న జకర్యా గారు పోయిన వారం ససేమిరా అన్నారు. తాతయ్య దేవసహాయం ఒక వారపత్రికలో భార్యతో సంభాషణలుగా రాసిన ‘మా ఇంటి మాటలు’ శీర్షిక బైండు నా ముందు పెట్టారు. తాతయ్య అమ్మమ్మను చేసుకున్నది 1921లో. 1922 నాటి శీర్షికలోనూ మొదటి భార్య రోసమ్మ ఆయన్ని తిడుతూనే ఉంది.

“పెండ్లాం బతికుండంగ ఇంకోటి పెండ్లెట్లయితది? పేపరోనివి, అచ్చుల ఉన్నది నువ్వే నమ్మకుంటే ఎట్ల?” అన్నారాయన.

ఈ రోజు పాత రిజిస్టర్లు తీయించాను. సమాధుల పుస్తకం: రోసమ్మ, దేవసహాయం భార్య, 3 నవంబరు 1918, ఇన్‌ఫ్లుయెంజా. పెళ్లికి ముందు అభ్యంతరాల కోసం చర్చిలో చదివే ప్రకటనల పుస్తకం, 1921: దేవసహాయం, భార్య చనిపోయినవాడు, ప్రేమమణి, కన్య, మూడు ఆదివారాలు చదవబడింది, అభ్యంతరం లేదు.

జకర్యా గారు తన కళ్లద్దాలు చాలక నావి కూడా అడిగి చదివారు.

“మూడు ఐతారాలు సదివిన్రు, ఒక్కడు సుత లేవలే. మరి సచ్చిపోయినామెతోని ఏడేండ్లు ఎట్ల మాట్లాడిచ్చిండయ్యా మీ తాత?”

ఎందుకో నాకు తెలియదు. ఎలాగో తెలిసింది. 1921 తర్వాత శీర్షికలో రోసమ్మ మాట మారింది. మోండా మార్కెట్ నుంచి వచ్చిన భర్తతో ఒకచోట అంటుంది: “లోకానికి బుద్ధి చెప్పేవారు ముందు పుచ్చు వంకాయ ఏరడం నేర్చుకోవాలి.” అది అమ్మమ్మ మాటే కదా? నన్నూ అలాగే అనేది. 1925లో ఒకటుంది: బల్ల కింద దూరి తండ్రి సిరాబుడ్డి దాచేసిన రెండేళ్ల పిల్ల గురించి. రోసమ్మకు పిల్లల్లేరు. ఆ పిల్లవి నువ్వే అమ్మా.

ఇంకొకటి చెప్పాలి. తాతయ్యకు ఒకేసారి ఇద్దరు భార్యలని 1966లో మా పేపరు ఆదివారం పేజీలో పేరు లేకుండా వచ్చిన వ్యాసం నేను రాసిందే. అది చదివి నువ్వు మూడు నెలలు చర్చికి వెళ్లలేదు. రోసమ్మ పోయాకే ఆ పెళ్లి జరిగిందని నువ్వు చెబుతూనే ఉన్నావు. తల్లి మాట ఆధారం కాదనుకుని అచ్చయిన శీర్షికను నమ్మాను. ఆ చర్చి మా ఆఫీసుకు పది నిమిషాల నడక. పదిహేడేళ్లు నడవలేదు. వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వస్తుంది, కింద నా పేరుంటుంది.

సిరాబుడ్డి శీర్షిక చేత్తో నకలు రాసి దీనితో పెట్టాను. ముందు అది చదువు. నా మీద తర్వాత కోప్పడు.

ఇట్లు,
నీ మాట ఆలస్యంగా నమ్మిన కొడుకు,
జ్ఞానశేఖర్