మెరుపు పెట్టె

పెద్దోడా,

చెబుతున్నది నేను, రాస్తున్నది నీ పెళ్ళాం. తిట్లు రాయనంటోంది కాబట్టి అవి నువ్వు ఊరి నుంచి తిరిగొచ్చాక వింటావు.

మన ఫ్యాక్టరీ సబ్బులు పెట్టే అట్టపెట్టె నేలకెంత చెరుపు చేస్తుందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లు రెండు చూశావటగా, మేనేజరు చెప్పాడు. ఒకటి పైనున్న మెరుపు ప్లాస్టిక్ పొర సంగతి అడక్కుండానే మంచి పెట్టె అందట. రెండోది అడిగి మరీ చెడ్డదందట. నువ్వేమో, "ఆ మెరుపు అమ్మ పెట్టించింది, బాధపడుతుంది" అని మొదటిదే కొంటానన్నావట.

నన్ను అడ్డం పెట్టుకోకు. ఓ పెట్టెను తొట్టిలో నానబెట్టి చూశాను. తెల్లారేసరికి అట్ట కరిగిపోయింది, మెరుపు మాత్రం పాము కుబుసంలా తేలింది. చెత్తకుప్పలోనూ అంతే కదా. ముఖం మీది మచ్చ దాచే అద్దం నాకెందుకురా?

ఫ్యాక్టరీ ఇంకా నా పేరునే ఉంది. మొదటిదాన్ని కొనే కాగితం మీద నా వేలిముద్ర పడదు. రెండోదాని మీద వేసి పంపుతున్నాను. ఆ పొర పెట్టించిననాడు మీ నాన్న వద్దన్నా వినలేదు. ఇప్పుడు తీయించడానికి నువ్వు వద్దన్నా వినను.

మీ అమ్మ