ఆట ముగిసినప్పుడు వచ్చే రాగం

కేసముద్రం దగ్గరి తండా నుంచి,
3 అక్టోబరు 2011.

జపాన్ దేశంలో ఉన్న సచికోకు భూక్యా తారి దీవించి రాయించే ఉత్తరం. ఇక్కడ నేనూ నా మోకాళ్ల నొప్పులూ క్షేమం. నువ్వు చల్లగా ఉండాలని సేవాలాల్‌కు మొక్కుతున్నాను.

నాకు అక్షరం రాదని నీకు తెలుసు. మా అంగన్‌వాడీ టీచర్ శారద రాస్తోంది. నా మాటను పుస్తకాల తెలుగులోకి దిద్దుకో, తిట్లు మాత్రం దిద్దకు అని ముందే చెప్పాను. నా పెద్దబిడ్డ కూతురు సుమిత్ర దీన్ని ఇంగ్లిషులోకి మార్చి, నీ గురించి రాసిన పత్రిక చిరునామాకు పంపుతుంది.

నీ మీద నాకు ఫిర్యాదు ఉంది. మొదటి నుంచి చెప్తాను, విను.

ముప్పై రెండేళ్ల కిందట, పాటలు పోగుచేసే చదువు చదువుతున్నానని టేపు రికార్డరు భుజాన వేసుకుని మా తండాకు వచ్చావు. నెలన్నర మా ఇంట్లోనే ఉన్నావు. జొన్నరొట్టె చేస్తానని వేళ్లు కాల్చుకున్నావు. నన్ను యాడీ అన్నావు, అంటే మా భాషలో అమ్మ. పెళ్లయి పోయే పిల్ల ఒక్కొక్కరి మెడ పట్టుకుని రాగం తీసి ఏడ్చే ఢావ్లోలన్నీ నా చేత పాడించుకున్నావు. టేపులు నిండాయి. పోయావు.

తొమ్మిదేళ్లు గడిచాయి. జనగామ హాస్టల్లో ఉన్న నా కొడుకు ప్రేమ్‌సింగ్ బడి ఎగ్గొడుతున్నాడని కబురొస్తే పోయాను. సినిమా టాకీసు పక్క కొట్టులో, బిళ్ల వేస్తే బొమ్మలు కొట్లాడుకునే పెట్టె ముందు దొరికాడు. చెవి పట్టుకున్నాను. అంతలో తెర మీద బొమ్మ చచ్చింది, ఆట అయిపోయింది, పెట్టెలోంచి మా ఢావ్లో రాగం వచ్చింది. మాటల్లేవు, మనిషి గొంతు లేదు, ఇనుప పిట్ట కూసినట్టు సన్నగా ఉంది. కానీ అదే. చెవి వదిలేసి, మళ్లీ చంపరా దాన్ని అన్నాను. కొంగున ఉన్న చిల్లరంతా అయిపోయేదాకా వాడు బొమ్మను చంపుతూనే ఉన్నాడు. ఆ కొట్టాయన, “గెలిసెటందుకు పైసలేస్తరు గానీ, సచ్చెటందుకు ఎవలన్న ఏస్తరా అవ్వా” అన్నాడు. నువ్వు బాగా గుర్తొచ్చావు ఆ రోజు.

ఆ రాగం ఎవరు కట్టారో పెట్టె మీద ఎక్కడా లేదు. మూడేళ్ల కిందట వరంగల్‌లో కంప్యూటర్ చదువుతున్న సుమిత్ర, నీ ఫొటో వేసిన పత్రిక వెతికి పట్టింది. ఆ పెట్టెలకు మొదటి రోజుల్లో సంగీతం కట్టినవాళ్లలో నువ్వొకతివట. ఒకేసారి మూడు స్వరాలకు మించి పలకలేని పెట్టెతో వానా యుద్ధమూ ఊరేగింపూ అన్నీ పలికించావట. పేరు బయటపడితే పక్క కంపెనీ నిన్ను ఎత్తుకుపోతుందని మీ యజమానులు దాచేశారట. పద్నాలుగేళ్లు పని చేసి, ఒక్క తెర మీద కూడా నీ పేరు చూసుకోలేదట. తర్వాత ఉద్యోగం మానేసి పిల్లలకు పియానో నేర్పుతున్నావట. మీ యజమానులను తిట్టిపోశాను.

కానీ ఆ చచ్చే రాగం ఎక్కడిదని పత్రికవాడు అడిగితే ఏమన్నావు? “అది నాది కాదు, ఇండియాలో ఒక ఊరామె దగ్గర విన్నాను” అన్నావట. ఊరామె. పేరు లేకుండా బతకడం ఎట్లుంటదో నీకంటే బాగా ఎవరికి తెలుసు? నాకు పేరు లేదా?

ఇప్పుడు దానితోనే తంటా వచ్చింది. తెలంగాణ కోసం ఇక్కడ సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సుల్లేవు, బళ్లు లేవు. ప్రేమ్‌సింగ్ పనిచేసే భూపాలపల్లి బొగ్గుబావి కూడా ఆగింది. కేసముద్రం మార్కెట్ దగ్గర వేసిన దీక్షా టెంటులో మా తండా ఆడవాళ్లం రోజూ కూర్చుంటున్నాం. నేను ఆ రాగంలోనే మా నీళ్లను, మా కొలువులను పేరు పెట్టి పిలిచి ఏడుస్తాను. మగవాళ్లు కూడా కండువాతో కళ్లు తుడుచుకుంటారు. మొన్న ఒకడు లేచి, “అరే, గిది నేను చిన్నప్పుడు ఆడిన గేముల పాట గదా” అన్నాడు. టెంటంతా నవ్వు.

ఆ టెంటు నడిపే రవీందర్ నన్ను పక్కకు పిలిచాడు. “తారవ్వా, మన యాసను ఎక్కిరిస్తున్నరనే గింత కొట్లాడుతున్నం. మనమే జపానోళ్ల పాట పాడితే ఇజ్జతేముంటది? జర రుజువు తే. గప్పటిదాంక పాడకు” అన్నాడు. “నా ఏడుపుకు నన్నే రుజువడుగుతున్నవారా బాడ్కావ్” అన్నాను. అయినా వారం నుంచి నోరు మూసుకునే కూర్చుంటున్నాను. నేను నోరు మూసుకోవడం నువ్వెప్పుడైనా చూశావా?

కాబట్టి కాగితం రాసి పంపు. ఈ రాగం భూక్యా తారిది అని రాయి. కింద సంతకం పెట్టు. టెంటులో సుమిత్ర చేత చదివిస్తాను.

నీ మీద కోపంతో,
నీ యాడి,
భూక్యా తారి
(వేలిముద్ర)

మళ్లీ రాయించేది: శారద కాగితం మడిచేస్తే విప్పించాను. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని ఈ ముక్క రాయిస్తున్నాను.

ఆ రాగం నాది కాదు, సచికో. నీదే.

నువ్వు పోయే రోజు, గడప దాటే ఆడబిడ్డ ఏడవకుండా పోకూడదని అందరి మెడలూ పట్టించి నిన్ను ఏడిపించాం. అందరి దగ్గరా నేను నేర్పినవే తప్పులతో ఏడ్చావు. నా మెడ పట్టుకునేసరికి నీకు మాటలు రాలేదు. నీలోంచి ఒక రాగం తీశావు. మా పాటల్లో అట్లాంటిది లేదు. టేపు అప్పటికే పెట్టెలో సర్దేశావు. నువ్వు పోయాక దానికి నేనే మాటలు కట్టి పెళ్లికూతుళ్లకు నేర్పాను. ఇప్పుడు తండా అంతా అది తాతల నాటిదనుకుంటోంది. నా మెడ మీద ఏడ్చిన దాన్ని నా దగ్గర విన్నావనుకుని నువ్వూ మోసపోయావు. ఆ కాగితం రాయకు. రేపు రవీందర్‌తో నేనే చెప్తాను, గిది మా బిడ్డ కట్టిన పాట, ఆమె జపాన్‌ల ఉంటది అని.

మరి ఈ కొట్లాట ఎందుకంటావా? మార్చిలో మీ సముద్రం ఇళ్లనూ కార్లనూ నెట్టుకుంటూ రావడం టీవీలో చూశాను. సుమిత్ర ఆ పత్రిక తెరిచి, నీ ఊరి పేరు చూసి, నాకు చెప్పకుండా మూసేసింది. ఏడు నెలలు అడగలేకపోయాను. క్షేమం అడిగితే జవాబు రాకపోవచ్చు. అన్యాయంగా నింద వేస్తే మాత్రం నువ్వు ఊరుకోవు, తప్పకుండా రాస్తావు అనుకున్నాను.

కాదు యాడీ, అని ఒక్క ముక్క రాయి.